వీల్‌చైర్‌తో ఎక్కగలిగే వాహనానికి డబ్బు సమకూర్చుకోవడం ఎలా: విజయవాడ, గుంటూరు కుటుంబాలకు వరుస క్రమంలో

"అక్కా, మా అబ్బాయిని వీల్‌చైర్‌తో సహా ఎక్కించే కారు కొనాలి, ప్రభుత్వం ఏ పథకం కింద ఇస్తుంది?" నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇదే. కారు మొత్తం ధర భరించే పథకం ఏదీ లేదు. కానీ ముక్కలు ముక్కలుగా దొరికే సాయాలు చాలానే ఉన్నాయి. కొన్ని పన్ను తగ్గిస్తాయి, కొన్ని వడ్డీ తగ్గిస్తాయి, మరికొన్ని నెలనెలా అయ్యే ఖర్చును తగ్గిస్తాయి.

ఆ ముక్కల్లో చాలావాటిని తెచ్చిపెట్టేవి రెండు కాగితాలు: వైకల్య ధ్రువపత్రం, వాహనం ఆర్‌సీ. ఆర్‌సీలో ఎవరి పేరు ఉంది, అది ఏ తరగతి వాహనమని రాసి ఉంది అన్నదాన్ని బట్టే పన్ను మినహాయింపు, బీమా తగ్గింపు, టోల్ మినహాయింపు వస్తాయి. ముందు బండి కొని ఆ తర్వాత సాయం కోసం తిరిగినవారు నష్టపోవడం కళ్లారా చూశాను. అందుకే ఇక్కడ వరుస ముఖ్యం. మా తమ్ముడికి కండరాల క్షీణత. వాడి కోసం నేను ఈ దారిలో నడిచిన క్రమాన్నే, నా తప్పులు సరిదిద్ది, మీ ముందు పెడుతున్నాను.

1. ముందు టేపు తీయండి, తర్వాతే షోరూంకు వెళ్లండి

ఏ వాహనమో తేలకుండా ఎంత డబ్బు కావాలో తేలదు. వీల్‌చైర్ వాడే అందరికీ ర్యాంపు ఉన్న బండే అక్కరలేదు. అవసరాన్ని బట్టి నాలుగు దారులున్నాయి.

- చేతుల్లో బలం ఉండి, పక్కకు జరిగి సీటులోకి మారగలిగితే: పక్క చక్రాలు బిగించిన మూడు చక్రాల స్కూటరు, లేదా చేతితో నడిపే ఏర్పాటు బిగించిన మామూలు కారు.
- సొంత వీల్‌చైర్‌లోనే ఊళ్లో తిరిగితే చాలనుకుంటే: వీల్‌చైర్ ముందు తగిలించే మోటారు చక్రం. ఐఐటీ మద్రాసులో రూపుదిద్దుకున్న నియోబోల్ట్ ఇలాంటిదే. కారుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ.
- ఒకరు పట్టుకుంటే సీటులోకి మారగలిగితే: బయటికి తిరిగే సీటు బిగించిన చిన్న కారు. 2025 చివర్లో మారుతి తన వాగన్ ఆర్‌కు ఇలాంటి సీటును కిట్టుగా తెచ్చింది.
- కుర్చీ నుంచి కదపడమే కష్టమైతే: వెనక నుంచి ర్యాంపు మీదుగా కుర్చీతో సహా ఎక్కించే వ్యాను తరహా బండి. అన్నిటికన్నా ఖర్చైనది ఇదే.

ఈ కొలతలు రాసుకోండి:

- కుర్చీలో కూర్చున్నప్పుడు నేల నుంచి తల పైభాగం వరకు ఎత్తు
- కుర్చీ వెడల్పు, పాదాల కొసల నుంచి వెనక చక్రం వరకు పొడవు
- మనిషితో కలిపి కుర్చీ బరువు
- వాహనం వెనక తలుపు ఎత్తు, లోపలి ఎత్తు, నేల నుంచి లోపలి అడుగు ఎంత ఎత్తులో ఉందో

ర్యాంపు లెక్క చాలామంది వేసుకోరు. బండి అడుగు నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, నాలుగింట ఒక వంతు వాలుకు కూడా ర్యాంపు రెండు మీటర్లకు పైగా సాగాలి. ఆరింట ఒక వంతు వాలు కావాలంటే మూడు మీటర్లు దాటుతుంది. గుంటూరు పాత వీధుల్లో ఇంటి ముందు బండి వెనక మూడు మీటర్ల ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే బండి అడుగును కిందికి దించే మార్పు గానీ, లిఫ్టు గానీ అవసరమవుతుంది. అప్పుడు బడ్జెట్టే మారిపోతుంది.

ఇంకొక మాట. సీఎన్‌జీ సిలిండరు డిక్కీలో ఉండే బండ్లలో వెనక నుంచి కుర్చీ ఎక్కించడం కుదరదు. ఇంధనం చవక అని అటువైపు మొగ్గకముందే డిక్కీ తెరిచి చూడండి.

2. కాగితాల సంచి సిద్ధం చేయండి

ఈ పనికి కనీసం రెండు నెలలు కేటాయించండి. వైకల్య శాతం నిర్ధారించే సదరం శిబిరానికి స్లాటు దొరకడమే ఆలస్యం కావచ్చు. స్లాటు కోసం మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలోనో, మీసేవ కేంద్రంలోనో అడగండి.

- సదరం ధ్రువపత్రం, అంటే వైకల్య ధ్రువపత్రం
- యూడీఐడీ కార్డు, అంటే దేశమంతటా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు. స్వావలంబన్ కార్డు పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి
- ఆధార్ కార్డు, పాన్ కార్డు, వికలాంగుడి పేరిట బ్యాంకు ఖాతా
- తహసీల్దారు జారీ చేసిన ఆదాయ ధ్రువపత్రం
- రేషన్ కార్డు నకలు, పింఛను పుస్తకం ఉంటే దాని నకలు
- వైద్యుడి లేఖ: ఈ వ్యక్తి వీల్‌చైర్ నుంచి సీటుకు మారలేరనీ, కుర్చీతో సహా ప్రయాణం అవసరమనీ స్పష్టంగా రాసినది
- నడిపేది వికలాంగుడే అయితే డ్రైవింగ్ లైసెన్సు

వైద్యుడి లేఖను చాలామంది పట్టించుకోరు. "80 శాతం వైకల్యం" అన్న అంకె బ్యాంకు మేనేజరుకు గానీ దాతకు గానీ ర్యాంపు ఎందుకో చెప్పదు. ఫిజికల్ మెడిసిన్ విభాగంలోనో, న్యూరాలజీలోనో చూపించుకుంటున్నవారు అక్కడే ఈ లేఖ అడగండి. సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ సంఖ్య మూడూ ఉండాలి.

పేర్లలో అక్షరాలు సరిపోల్చండి. సదరంలో ఒక తీరు, ఆధార్‌లో మరొక తీరు ఉంటే ఇప్పుడే సవరించుకోండి. మా తమ్ముడి ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా వల్ల మాకు నెలన్నర పోయింది.

మానసిక ఎదుగుదల లోపం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 18 ఏళ్లు నిండాక, వారి తరఫున సంతకం చేసే అధికారం తల్లిదండ్రులకు దానంతటదే ఉండదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ నుంచి సంరక్షకత్వ ఉత్తర్వు తీసుకోండి. రుణ పత్రాల దగ్గర మొదట అడిగేది ఇదే.

3. బండి ఎవరి పేరిట? ఈ నిర్ణయం తొందరపడి తీసుకోకండి

ఈ మొత్తం రాతలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి.

ఎన్టీఆర్ భరోసా కింద మన రాష్ట్రంలో దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు, మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన తీవ్ర వైకల్యానికి 15,000 రూపాయలు పింఛను ఉంది. రెండో రకం పింఛను ఏడాదికి 1,80,000 రూపాయలు. సంక్షేమ పథకాల అర్హత తనిఖీలో ఒక అంశం, కుటుంబానికి నాలుగు చక్రాల వాహనం ఉండరాదన్నది. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరులకు మాత్రం మినహాయింపు ఉంది. తనిఖీ ఆధార్ ద్వారా కుటుంబం మొత్తానికీ జరుగుతుంది కనుక, బండి అన్న పేరిట ఉన్నా, తండ్రి పేరిట ఉన్నా కంప్యూటర్‌లో కనిపిస్తుంది.

అంటే పింఛను మీద, బియ్యం కార్డు మీద బతుకుతున్న ఇంట్లో, బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి కొన్న కారే ఆ బిడ్డ పింఛనుకు అడ్డం కావచ్చు. ఇది అన్యాయమని నా గట్టి అభిప్రాయం. కుర్చీతో సహా ఎక్కించే బండి విలాసం కాదు, కాళ్లకు బదులు. కానీ నియమం మారేవరకు జాగ్రత్త మన చేతిలోనే ఉంది.

చేయవలసింది ఇది:

- కొనకముందే సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటును కలవండి. మీ కుటుంబానికి వచ్చే ఒక్కొక్క పథకం పేరు చెప్పి, వికలాంగుడి కోసం మార్చిన వాహనం ఉంటే ఏది ఆగుతుందో అడగండి.
- నోటి మాటతో సరిపెట్టుకోకండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, రశీదు తీసుకోండి. విజయవాడ వారికి ఎన్టీఆర్ జిల్లా కలెక్టరేట్, గుంటూరు వారికి గుంటూరు కలెక్టరేట్.
- అర్జీలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ ప్రస్తావించండి. వికలాంగుల సొంత ప్రయాణ సౌకర్యం అందుబాటు ధరలో ఉండేలా ప్రోత్సాహకాలు, రాయితీలు, వాహనాల మార్పిడికి ప్రభుత్వం పథకాలు రూపొందించాలని ఆ సెక్షన్ చెబుతోంది.
- ఆ తర్వాత నష్టం, లాభం కాగితం మీద లెక్క వేయండి. ఏటా 1,80,000 పోయే పరిస్థితి ఉంటే, నెలకు నాలుగు సార్లు ర్యాంపు ఉన్న బండి అద్దెకు తీసుకోవడమే మేలేమో చూడండి.

పొరుగువారి పేరిటో దూరపు బంధువు పేరిటో రాయించే ఆలోచన చేయకండి. పన్ను, టోల్, బీమా మినహాయింపులన్నీ అక్కడితో పోతాయి. ప్రమాదం జరిగితే పరిహారం కూడా చిక్కుల్లో పడుతుంది.

పింఛను సమస్య లేని ఇళ్లలో నా సలహా ఒక్కటే: వికలాంగుడి పేరిటే నమోదు చేయించండి. మైనరు పేరిట వాహనం ఉంటే సంరక్షకుడిని యజమానిగా మోటారు వాహనాల చట్టం గుర్తిస్తుంది. కాబట్టి పిల్లల విషయంలోనూ దారి ఉంది. రవాణా శాఖ కార్యాలయంలో ముందే మాట్లాడండి.

4. ఖర్చును మూడు మూటలు కట్టండి

మొత్తం ఒకే అంకెగా చూస్తే గుండె జారిపోతుంది. ఏ మూటకు ఎవరు సాయం చేస్తారో వేరు కాబట్టి విడదీయడమే మంచిది.

- బండి మూట: వాహనం ధర, లైఫ్ ట్యాక్సు, మొదటి ఏడాది బీమా. దీనికి ప్రధానంగా రుణం, సొంత పొదుపు.
- మార్పు మూట: ర్యాంపు, తిరిగే సీటు, చేతి నియంత్రణలు, కుర్చీని కట్టే పట్టీలు, బిగింపు కూలీ. దాతలు, క్లబ్బులు ముందుకు వచ్చేది ఇక్కడే.
- నడిపే మూట: ఇంధనం, డ్రైవరు, టోల్, బీమా పునరుద్ధరణ, పట్టీల మార్పిడి. దీన్ని లెక్కలో వేసుకోని ఇళ్లలో బండి ఏడాది తిరగకముందే మూలన పడుతుంది.

కొత్త బండే కావాలా అని కూడా ఆలోచించండి. మంచి స్థితిలో ఉన్న పాత వ్యాను తరహా బండి కొని, కొత్త కిట్టు బిగిస్తే మొదటి మూట బాగా తగ్గుతుంది. దానికి లైఫ్ ట్యాక్సు అప్పటికే కట్టి ఉంటుంది. నా లెక్కలో మధ్యతరగతి ఇంటికి ఇదే అన్నిటికన్నా తెలివైన దారి. అయితే మార్పుకు అనుమతి వచ్చేంత జీవితకాలం బండికి మిగిలి ఉందో లేదో రవాణా శాఖలో కనుక్కున్నాకే బేరం ఆడండి.

5. పన్నుల్లో తగ్గించుకోగలిగినవి

జీఎస్టీ. పాత సమాచారం నమ్మి ఇంకా చాలామంది తిరుగుతున్నారు. ఒకప్పుడు 40 శాతం, ఆపైన ఎముకల వైకల్యం ఉన్నవారికి చిన్న కార్ల మీద 28కి బదులు 18 శాతం జీఎస్టీ ఉండేది. కేంద్ర భారీ పరిశ్రమల శాఖ ధ్రువపత్రం కావలసి వచ్చేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు, 1500 సీసీ లోపు డీజిల్ కార్లకు అందరికీ 18 శాతమే. కనుక ఆ ధ్రువపత్రం ఇప్పిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

కిట్టు మీద జీఎస్టీ. ఇది తెలిసినవారు తక్కువ. 2021 సెప్టెంబర్‌లో లక్నోలో జరిగిన జీఎస్టీ మండలి సమావేశంలో, వికలాంగుల వాహనాలకు బిగించే మార్పిడి కిట్ల మీద పన్ను 5 శాతానికి తగ్గించారు. లక్ష రూపాయల కిట్టు మీద 18 శాతం వేస్తే 18,000, 5 శాతం వేస్తే 5,000. తేడా 13,000. బిల్లులో కిట్టు ధరను వేరుగా, బిగింపు కూలీని వేరుగా చూపమని కొటేషన్ దశలోనే అడగండి. రెండూ కలిపి రాస్తే మొత్తం మీద ఎక్కువ రేటు పడవచ్చు.

లైఫ్ ట్యాక్సు. కొత్త కారు మీద ఇది ధరలో పది శాతం పైనే ఉంటుంది కాబట్టి పెద్ద మొత్తమే. వికలాంగుల కోసం మార్చి, వారి పేరిట నమోదు చేసే వాహనానికి మినహాయింపు కోరవచ్చు. దరఖాస్తు ముందుగా పెట్టాలి. షోరూం వారు అలవాటుగా పన్ను కట్టేసి రిజిస్ట్రేషన్ పూర్తి చేస్తే, తిరిగి రాబట్టుకోవడం గగనం. "లైఫ్ ట్యాక్సు మినహాయింపు దరఖాస్తు తేలేవరకు కట్టవద్దు" అని బుకింగ్ పత్రం మీదే రాయించండి.

ఆదాయపు పన్ను. పన్ను కట్టే ఇళ్లకు మాత్రమే. ఇంతకాలం 80డీడీ (మీ మీద ఆధారపడిన వికలాంగుల కోసం), 80యూ (పన్ను కట్టేవారే వికలాంగులైతే) అనే సెక్షన్ల పేర్లతో తెలిసిన తగ్గింపులు: వైకల్యానికి 75,000, తీవ్ర వైకల్యానికి 1,25,000 రూపాయలు. ఎంత ఖర్చు చేశారన్నదానితో పని లేదు. పాత పన్ను విధానంలోనే వర్తిస్తాయి. 20 శాతం శ్లాబులో ఉన్న తండ్రికి తీవ్ర వైకల్యం కింద సెస్సుతో కలిపి ఏటా 26,000 మిగులుతాయి. దాన్ని నడిపే మూటలో వేయండి.

6. ఉచితంగా వచ్చేవి, ఎవరికి పనికొస్తాయి

రాష్ట్ర విభిన్న ప్రతిభావంతుల, వయోవృద్ధుల సహాయ సంస్థ ఎప్పటికప్పుడు ప్రకటన ఇచ్చి మూడు చక్రాల మోటారు వాహనాలు ఇస్తోంది. ప్రకటనల్లో కనిపించిన ముఖ్య షరతులు: 70 శాతం, ఆపైన శారీరక వైకల్యం, 18 నుంచి 45 ఏళ్ల వయసు, ఏడాదికి 3 లక్షల లోపు కుటుంబ ఆదాయం, డ్రైవింగ్ లైసెన్సు. నియోజకవర్గానికి ఇచ్చే సంఖ్య తక్కువ, గడువూ తక్కువ. ప్రకటన వచ్చాక లైసెన్సు కోసం పరుగెత్తితే అందదు, ముందే తెచ్చిపెట్టుకోండి.

కేంద్రం అడిప్ పథకం కింద అలిమ్‌కో సంస్థ ద్వారా కుర్చీలు, మోటారు ట్రైసైకిళ్లు వస్తాయి. నెల ఆదాయం 22,500 లోపు ఉంటే పూర్తి సాయం, 30,000 వరకు సగం. ఇది కారు ఇవ్వదు. కానీ బండిలో పెట్టడానికి సరిపోయే కుర్చీ దీని ద్వారా వస్తే, మార్పు మూటలో ఆ మేరకు భారం తగ్గుతుంది.

పార్లమెంటు సభ్యుల నిధుల నుంచి వికలాంగులకు ట్రైసైకిళ్ల వంటి ఉపకరణాలు ఇవ్వవచ్చు. ముఖ్యమంత్రి సహాయ నిధి ప్రధానంగా వైద్య ఖర్చులకు. కారు కోసం దానికి దరఖాస్తు పెట్టి నెలలు ఎదురుచూడకండి.

బడికెళ్లే పిల్లలుంటే, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో ప్రయాణ భత్యం, తోడు వచ్చేవారి భత్యం గురించి అడగండి. చిన్న మొత్తమే అయినా ఇంధనానికి ఉపయోగపడుతుంది.

7. రుణం: ముందు తక్కువ వడ్డీ తలుపు తట్టండి

జాతీయ దివ్యాంగజన ఆర్థిక, అభివృద్ధి సంస్థకు దివ్యాంగజన స్వావలంబన యోజన అనే రుణ పథకం ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 50 లక్షల వరకు, మొత్తాన్ని బట్టి 5 నుంచి 9 శాతం వడ్డీ. 50,000 దాటి 5 లక్షల వరకు 6 శాతం. ఉపాధికి పనికొచ్చే వాహనం, సహాయక ఉపకరణాలు, వాహన మార్పిడి దీని ఉద్దేశాల్లోకి వస్తాయి. సంస్థ నేరుగా ఇవ్వదు. ఒప్పందం ఉన్న బ్యాంకులు, రాష్ట్ర సంస్థల ద్వారా ఇస్తుంది.

బ్యాంకులో మొదటి మేనేజరు ఈ పథకం తెలియదనవచ్చు. జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరును కలిసి, ఏ శాఖకు దరఖాస్తు పంపాలో రాయించుకోండి. ఆ శ్రమకు ఫలితం ఉంటుంది. 5 లక్షలు ఏడేళ్లకు 9 శాతం మీద తీసుకుంటే నెలకు దాదాపు 8,045, అదే 6 శాతం మీద దాదాపు 7,305. ఏడేళ్లలో 62,000 రూపాయల తేడా.

దరఖాస్తుతో పాటు పెట్టవలసినవి:

- బండికీ, కిట్టుకీ వేర్వేరు కొటేషన్లు
- బండి వల్ల ఆదాయం ఎలా వస్తుందో ఒక పేజీ వివరణ: కుట్టుపని సరుకు చేరవేయడం, ట్యూషన్‌కు వెళ్లడం, ఉద్యోగానికి వెళ్లడం, ఏదైతే అది
- ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్
- వాహనాన్ని మార్చడానికి రుణదాత రాతపూర్వక సమ్మతి కోరుతూ లేఖ

చివరిది మరిచిపోకండి. బ్యాంకు పేరు ఆర్‌సీలో ఎక్కాక వారి సమ్మతి లేకుండా బండిని కోయడం, వెల్డింగు చేయడం తగదు.

8. రోడ్డు ప్రమాదం వల్ల కుర్చీకి పరిమితమైనవారికి

వెన్నెముక దెబ్బతిన్న యువకులను చూస్తుంటాను. పదహారో నంబరు జాతీయ రహదారి మీద జరిగిన ప్రమాదాలే వారిలో చాలామందివి. వీరికి అతిపెద్ద దారి మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్. ఆసుపత్రి బిల్లులు, పోయిన జీతం మాత్రమే అడిగి ఊరుకుంటున్నారు. మీ వకీలుతో ఇవి కూడా అడిగించండి:

- జీవితాంతం సహాయకుడి ఖర్చు. 2020లో కాజల్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని మల్టిప్లయర్ పద్ధతిలో, అంటే ఏడాది ఖర్చును వయసును బట్టి నిర్ణయించిన అంకెతో గుణించి, లెక్కించింది
- ఇకపై అయ్యే ప్రయాణ ఖర్చు, వాహన మార్పిడి ఖర్చు, కొటేషన్లతో సహా
- కుర్చీ, పట్టీలు, బ్యాటరీల మార్పిడి

2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిము దాఖలు చేయాలి. ఆసుపత్రి మంచం మీద ఉండగానే ఇంట్లో ఒకరు ఈ పని చేపట్టాలి. కొటేషన్లు కూడా అప్పుడే తెప్పించండి, ఎందుకంటే కాగితం లేని ఖర్చును ట్రిబ్యునల్ లెక్కలోకి తీసుకోవడం కష్టం.

9. దాతలను అడగడం

రోటరీ, లయన్స్ వంటి క్లబ్బులు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, అపార్ట్‌మెంటు సంఘాలు, పూర్వ విద్యార్థుల బృందాలు. అందరికీ ఒకే లేఖ పంపితే ఎవరూ స్పందించరు. "కారు కొనిపెట్టండి" అని అడిగితే తలుపు మూసుకుంటుంది. "బండికి రుణం తీసుకున్నాం, ర్యాంపుకూ పట్టీలకూ ఇంత కావాలి, ఇదిగో కొటేషన్, సొమ్ము నేరుగా ఆ సంస్థకే చెల్లించండి" అంటే వింటారు.

కంపెనీలు సాధారణంగా వ్యక్తులకు నేరుగా ఇవ్వవు. నమోదైన స్వచ్ఛంద సంస్థ ద్వారా ఇస్తాయి. దాతలకు పన్ను రాయితీ రశీదు కావాలన్నా అదే దారి. మీ వైకల్యానికి సంబంధించి పనిచేసే సంస్థతో ముందే మాట్లాడి, వారి లెటర్‌హెడ్ మీద సిఫారసు తీసుకోండి.

లేఖ ఒక్క పేజీ దాటకూడదు. ఇవి ఉండాలి: వారానికి ఎన్నిసార్లు ఎక్కడికి ప్రయాణం, ఇప్పుడు ఎలా వెళ్తున్నారు, ఒక్కొక్క ప్రయాణానికి ఎంత అవుతోంది, ఇప్పటికే ఎంత సమకూరింది, ఎంత మిగిలింది. జాలి పుట్టించే ఫొటోలు వద్దు. మా తమ్ముడు అలాంటి ఫొటోకు ఒప్పుకోలేదు. వాడు చెప్పింది నిజమే. వాడి ప్రయాణాల లెక్క రాసిన పట్టికే దాతలను ఒప్పించింది.

ఆన్‌లైన్ విరాళ వేదికలు వాడితే, వారు కోసుకునే రుసుము ఎంతో ముందే చదవండి.

10. కొనే వారం: పనుల వరుస

1. రవాణా శాఖ కార్యాలయంలో, విజయవాడ వారు విజయవాడలో, గుంటూరు వారు గుంటూరులో, బ్రేక్ ఇన్‌స్పెక్టరును కలిసి మీ మార్పు నమూనా చూపండి. ఏ పత్రాలు కావాలో రాయించుకోండి. 2019 సవరణ తర్వాత చట్టంలో ఈ తరగతికి "అడాప్టెడ్ వెహికల్" అని పేరు. వికలాంగుడు నడిపేదే కాక, వికలాంగుడి కోసం నడిపేదీ దీని కిందికే వస్తుంది.
2. పుణెలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థ ఆమోదించిన కిట్టేనా అని సరఫరాదారు నుంచి ధ్రువపత్రం తీసుకోండి.
3. రుణం మంజూరు లేఖ వచ్చాకే అడ్వాన్సు కట్టండి.
4. రిజిస్ట్రేషన్ దరఖాస్తులో యజమాని రకం అన్న చోట దివ్యాంగజన్ అని నింపించండి. 2020 అక్టోబర్ నుంచి ఆ ఫారంలో ఈ వర్గం ఉంది. షోరూం వారు "వ్యక్తిగతం" అని పెట్టేస్తారు, పక్కన కూర్చుని చూసుకోండి.
5. అనుమతి తీసుకున్నాకే కిట్టు బిగించండి. తర్వాత తనిఖీ చేయించి, ఆర్‌సీలో మార్పు నమోదు చేయించండి.
6. ఆర్‌సీ చేతికి వచ్చాక బీమా సంస్థను అడగండి. ఆర్‌సీలో మార్పు నమోదై ఉంటే ఐఎంటీ-12 అనే ఎండార్స్‌మెంట్ కింద సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం తగ్గింపు ఉంది. కిట్టు విలువను కూడా బీమా విలువలో చేర్పించండి, లేకపోతే ప్రమాదంలో ర్యాంపు పోతే పైసా రాదు.
7. చివరగా మినహాయింపు ఉన్న ఫాస్టాగ్ కోసం జాతీయ రహదారుల సంస్థకు దరఖాస్తు చేయండి. వికలాంగుల కోసం మార్చిన వాహనాలకు 2008 నాటి రుసుముల నియమాల్లో మినహాయింపు ఉంది. వారానికి రెండుసార్లు గుంటూరు నుంచి విజయవాడకు చికిత్సకు వెళ్లేవారికి కాజ టోల్ దగ్గర ఇది బాగా తెలుస్తుంది.

11. తరచూ జరిగే పొరపాట్లు

ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రీ చేత ఇనుప ర్యాంపు వెల్డింగు చేయించడం. మన ఆటోనగర్ పనివారి నైపుణ్యం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ అనుమతి లేని మార్పు ఆర్‌సీలో ఎక్కదు, బీమా వర్తించకపోవచ్చు. ఇప్పటికే చేయించి ఉంటే, దాన్ని దాచకుండా రవాణా శాఖకు వెళ్లి క్రమబద్ధం చేయించుకునే దారి అడగండి.

కుర్చీని కట్టకుండా బ్రేకు వేసి వదిలేయడం. నాలుగు మూలలా నాలుగు పట్టీలు కుర్చీకి, వేరుగా మూడు బిందువుల బెల్టు మనిషికి. ఒకే పట్టీతో రెంటినీ కట్టకూడదు. డబ్బు చాలకపోతే సీటు కవర్లు, పాటల పెట్టె మానేయండి, పట్టీల దగ్గర పొదుపు చేయకండి.

తిరిగే సీటు బిగించేటప్పుడు సీటు పక్కన ఉండే ఎయిర్‌బ్యాగు సంగతి అడగకపోవడం. అది పనిచేస్తుందో లేదో, కారు వారంటీ ఉంటుందో లేదో రాతలో తీసుకోండి.

కుర్చీని, మనిషిని తీసుకెళ్లకుండా బండి బుక్ చేయడం. మేము మొదట చూసిన బండిలో తమ్ముడి తల పైకప్పుకు తగిలింది. అడ్వాన్సు తిరిగి ఇవ్వడానికి ఆ డీలరు మూడు నెలలు తిప్పాడు. బండి ఏదైనా సరే, కుర్చీలో కూర్చోబెట్టి ఎక్కించి, తలుపు మూసి, పది నిమిషాలు గతుకుల రోడ్డు మీద తిప్పి చూడండి. ఆ తర్వాతే డబ్బు లెక్కపెట్టండి.